బీఫార్మసీ అయిపోయింది, బెంగళూరులో ఫస్ట్ జాబ్ ఏది తీసుకోవాలి?

అందరికీ నమస్తే. మాది అనంతపురం దగ్గర ఊరు, ఈ ఇయర్ బీఫార్మసీ అయింది, ఇప్పుడు మారతహళ్ళి పీజీలో ఉండి ఇంటర్వ్యూలకి తిరుగుతున్నా. మూడు ఆఫర్లున్నాయి. ఫార్మకోవిజిలెన్స్ (పీవీ, అంటే మందుల సైడ్ ఎఫెక్ట్స్ రిపోర్టులు చూసే పని) కేస్ ప్రాసెసింగ్, జిగణిలో టాబ్లెట్ల కంపెనీలో క్యూసీ, అంటే మందుల క్వాలిటీ టెస్ట్ చేసే ల్యాబ్ పని (జీతం అన్నిట్లో తక్కువ ఇక్కడే), ఇంకోటి హాస్పిటల్ ఫార్మసీ. ఇవి కాక ఊర్లో తెలిసినాయన నీ సర్టిఫికెట్ మా మెడికల్ షాపులో పెట్టమ్మా, నువ్వు రాకపోయినా నెలనెలా డబ్బులిస్తాం అంటున్నాడు, నాన్నకి అదే నచ్చింది. ఏం చేయమంటారు?

— అనంత ఫార్మా

చెల్లీ, ముందు ఆ సర్టిఫికెట్ అద్దె మాట వదిలేయ్, నాన్నకి కూడా గట్టిగా చెప్పు. 1948 ఫార్మసీ యాక్ట్ 42వ సెక్షన్ ప్రకారం ప్రిస్క్రిప్షన్ మందులు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. నువ్వు ఇక్కడ, నీ పేరు అక్కడ గోడ మీద, కౌంటర్లో ఇంకెవరో. హెచ్1 మందులకి (కొన్ని యాంటీబయాటిక్స్, నిద్రమాత్రల్లాంటివి) పేషెంట్ పేరు, డాక్టర్ పేరు రాసి ఆ రిజిస్టర్ 3 ఏళ్ళు దాచాలి, అదెవరు రాస్తారు? తప్పు మందు వెళ్ళి ఎవరికన్నా ఏమన్నా అయితే ముందు అడిగేది నిన్నే. పేషెంట్ ప్రాణం అమ్మా అది.

— సీమ కెమిస్ట్

నేను పీవీలోనే ఉన్నా. బాగుంటుంది కానీ ఏం పని ఇస్తారో ఇంటర్వ్యూలోనే అడగండి. పేషెంట్, రిపోర్ట్ చేసినవాళ్ళు, మందు, రియాక్షన్ ఈ 4 ఉన్నాయా చూసి ఎంట్రీ కొట్టడం వరకేనా, లేక మెడ్‌డ్రా కోడింగ్ (రియాక్షన్లకి స్టాండర్డ్ పేర్లు పెట్టడం), నెరేటివ్ (కేసులో ఏం జరిగిందో) రాయడం కూడా నేర్పుతారా అని. ఎంట్రీ ఒక్కటే అయితే రెండేళ్ళకి కూడా ఉన్నచోటే ఉంటారు. ట్రైనింగ్ ఫీజు కట్టమంటే మాత్రం వెళ్ళొద్దు.

— వైట్‌ఫీల్డ్ పీవీ

నా ఓటు క్యూసీకే, జీతం తక్కువైనా సరే. హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో కొలిచే మెషిన్), డిసొల్యూషన్ (టాబ్లెట్ ఎంత త్వరగా కరుగుతుందో చూసే టెస్ట్) చేత్తో చేసి నేర్చుకోవాల్సినవి, ఇంట్లో వీడియోలు చూస్తే రావు, ఆఫీసు జాబులోకి తర్వాతైనా మారొచ్చు కానీ అక్కణ్ణుంచి ల్యాబ్‌కి వెనక్కి రావడం చాలా కష్టం. చేరాక డ్రగ్ కంట్రోల్ వాళ్ళ దగ్గర అప్రూవ్డ్ కెమిస్ట్‌గా (టెస్టింగ్‌కి వాళ్ళు ఆమోదించిన మనిషిగా) పేరు పెట్టిస్తారా అని అడుగు, అది తర్వాత ఏ కంపెనీకెళ్ళినా పనికొస్తది. హాస్పిటల్ అయితే ఏపీ రిజిస్ట్రేషన్ కర్ణాటక ఫార్మసీ కౌన్సిల్‌కి మార్చుకోవాలి, కౌంటర్లో కన్నడ కూడా రావాలి.

— బొమ్మసంద్ర ల్యాబ్

థాంక్యూ అందరికీ. ఆ షాపాయనకి వద్దని చెప్పేశా, నాన్న కొంచెం అలిగారు. క్యూసీ వాళ్ళు బాండ్ రాసి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటున్నారు, ఇవ్వచ్చా?

— అనంత ఫార్మా

ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకో, జిరాక్సులు ఇవ్వు. వాళ్ళ దగ్గరే పెట్టుకుంటామంటే ఆ కంపెనీ వద్దు, జిగణిలో, పీణ్యలో ఇంకా చాలా ల్యాబులున్నాయి. బాండ్ ఎన్నేళ్ళో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదివాకే సంతకం.

— బొమ్మసంద్ర ల్యాబ్