మ్యాక్సిమమ్ డిఫ్లెక్షన్ లోడ్ కింద రావట్లేదు, ఆన్సర్ కీ తప్పా?

సప్లీ_సివిల్:
అన్నలూ ఒక డౌట్. సింప్లీ సపోర్టెడ్ బీమ్ (రెండు చివర్లా సపోర్ట్ మీద ఊరికే ఆనించింది), స్పాన్ 6 మీటర్లు, ఎడమ సపోర్ట్ ఏ నుంచి 4 మీటర్ల దగ్గర 60 కిలోన్యూటన్ల పాయింట్ లోడ్. యంగ్స్ మాడ్యులస్ ఈ = 200 జీపీఏ, మూమెంట్ ఆఫ్ ఇనర్షియా ఐ = 8×10⁷ ఎంఎం⁴. ఏ దగ్గర స్లోప్, ఇంకా మ్యాక్సిమమ్ డిఫ్లెక్షన్ (బీమ్ కిందికి దిగే దూరం) కావాలి. రియాక్షన్లు 20, 40 వచ్చాయి, అక్కడిదాకా ఓకే. లోడ్ ఉన్నచోటే కదా ఎక్కువ వంగేది అని ఎక్స్ = 4 పెడితే 13.3 ఎంఎం వస్తోంది, కీలో చూస్తే 14.5 అని ఉంది. ఇంకోటి, మెకాలే మెథడ్‌లో బెండింగ్ మూమెంట్ 20ఎక్స్ - 60(ఎక్స్-4) అని రాసి, (ఎక్స్-4) బ్రాకెట్ విప్పేసి రెండుసార్లు ఇంటిగ్రేట్ చేస్తే మొదటి కాన్‌స్టంట్ సీ1 -480 వస్తోంది, విప్పకుండా చేస్తే -106.67. విప్పకూడదు అని అందరూ అంటారు గానీ ఎందుకో ఎవరూ చెప్పరు. రేపు ఎల్లుండిలో ఎగ్జామ్, కాస్త చెప్పండి ప్లీజ్.

పాత_డ్రాఫ్టర్:
కీ కరెక్టే తమ్ముడూ. లోడ్ కింద ఎక్కువ ఉండేది బెండింగ్ మూమెంట్, అంటే అక్కడ వంపు ఎక్కువ. డిఫ్లెక్షన్ ఎక్కువ ఉండేది స్లోప్ సున్నా అయ్యే చోట, ఈ రెండూ ఒకే చోట ఉండాలని రూలేం లేదు, లోడ్ సరిగ్గా మధ్యలో ఉంటేనే రెండూ కలుస్తాయి.

నీ లెక్కే తీసుకో. ఈఐ ఇంటూ స్లోప్ = 10ఎక్స్² - 30(ఎక్స్-4)² - 106.67. సున్నా అయ్యే చోటు 4 లోపే ఉంటుందనుకుని బ్రాకెట్ వదిలెయ్, 10ఎక్స్² = 106.67, ఎక్స్ = 3.27 మీటర్లు వస్తుంది, 4 కన్నా తక్కువే కాబట్టి అనుకున్నది కరెక్ట్. ఒకవేళ 4 దాటి వచ్చి ఉంటే మాత్రం బ్రాకెట్ కలిపి మళ్ళీ చెయ్యాలి, ఇది చాలామంది చెక్ చెయ్యరు, మార్కులు పోయేది ఇక్కడే. ఇప్పుడు ఆ ఎక్స్‌ని డిఫ్లెక్షన్ ఈక్వేషన్‌లో పెడితే ఈఐ వై = -232.25. ఈఐ ఏమో 16000 కిలోన్యూటన్ మీటర్ స్క్వేర్. భాగిస్తే 0.0145 మీటర్, అదే 14.5 ఎంఎం, కిందికి. ఏ దగ్గర స్లోప్ 106.67 బై 16000, అంటే 0.0067 రేడియన్లు.

ఇక బ్రాకెట్ సంగతి. 60(ఎక్స్-4) అనే టర్మ్ లోడ్ దాటాకే ప్రాణం పోసుకుంటుంది, అంతకుముందు అది సున్నా, నెగటివ్ కాదు. విప్పి 60ఎక్స్-240 అని రాసేస్తే నీ ఈక్వేషన్ 4 నుంచి 6 మధ్య ముక్కకి మాత్రమే పనికొస్తుంది, కానీ నువ్వు ఎక్స్ = 0 దగ్గర వై సున్నా అనే కండిషన్ తెచ్చి దానికే పెట్టి సీ2 సున్నా అనేశావు. ఆ ముక్కకి ఎక్స్ = 0 తో సంబంధమే లేదు, అక్కడ సీ2 640 రావాలి, సీ1 ఏమో -586.67. అంటే విప్పడం పాపం కాదు, విప్పితే రెండు ముక్కలకీ వేరే వేరే కాన్‌స్టంట్లు, మొత్తం నాలుగు కనుక్కోవాలి, లోడ్ దగ్గర స్లోపూ డిఫ్లెక్షనూ రెండు వైపులా కలిసేలా చూడాలి. బ్రాకెట్‌ని బ్రాకెట్‌గానే ఇంటిగ్రేట్ చేస్తే లోడ్ దగ్గర ఆ కలయిక దానంతటదే వచ్చేస్తుంది, అందుకే రెండు కాన్‌స్టంట్లతో పనైపోతుంది. 1919లో మెకాలే పేపర్ రాసింది ఈ సుఖం కోసమే.

మూమెంట్_ఏరియా_ఫ్యాన్:
పైన అన్న చెప్పింది కరెక్టే గానీ ప్రతిదానికీ మెకాలే పెట్టడం నాకు నచ్చదు. కాంటిలివర్ (ఒక చివర మాత్రమే బిగించిన బీమ్) వస్తే మూమెంట్ ఏరియా పట్టుకోండి. చివర్లో లోడ్ డబ్ల్యూ ఉంటే బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్ ఒక ట్రయాంగిల్, దాని ఏరియా డబ్ల్యూఎల్² బై 2, ఈఐతో భాగిస్తే అదే చివరి స్లోప్. ఆ ఏరియాని లోడ్ ఉన్న చివరి నుంచి సెంట్రాయిడ్ దూరం 2ఎల్ బై 3తో గుణించి ఈఐతో భాగిస్తే డబ్ల్యూఎల్³ బై 3ఈఐ, డిఫ్లెక్షన్ అయిపోయింది, ఇంటిగ్రేషన్ ఊసే లేదు. సింప్లీ సపోర్టెడ్‌లో లోడ్ పక్కకి ఉంటే మాత్రం మెకాలేనే బెటర్, అది ఒప్పుకుంటా.

ఎగ్జామ్‌లో చెక్ చేసుకోడానికి ఒక చిట్కా. అదే 60 మధ్యలో ఉంటే డబ్ల్యూఎల్³ బై 48ఈఐ ప్రకారం 16.9 ఎంఎం వస్తుంది, పక్కకి జరిగితే అంతకన్నా తగ్గాలి, 14.5 తగ్గింది, ఓకే. ఇంకా సింప్లీ సపోర్టెడ్ బీమ్‌లో ఒక్క పాయింట్ లోడ్‌ని ఎంత చివరికి తోసినా మ్యాక్సిమమ్ చోటు మధ్య నుంచి సుమారు ఎల్ బై 13 కన్నా దూరం పోదు, నీ బీమ్‌లో సరిగ్గా మధ్యలో చూసినా 14.4 వస్తుంది. ఓవర్‌హ్యాంగ్ (సపోర్ట్ దాటి బయటికి వచ్చిన ముక్క) ఉంటే ఈ మాట నమ్మకు.

సప్లీ_సివిల్:
థాంక్యూ అన్నలూ, ఇప్పుడు వెలిగింది. సీ2 640 నేనూ వేసి చూశా, వచ్చింది. చివరిగా ఇంకొక్కటి, యూడీఎల్ (పొడవునా సమానంగా పరుచుకున్న లోడ్) మధ్యలో కొంచెం దూరమే ఉంటే, అంటే 1 మీటర్ నుంచి 3 మీటర్ల వరకే ఉంటే బ్రాకెట్ ఎలా ఆపాలి? 3 దాటాక కూడా లోడ్ ఉన్నట్టే లెక్కేస్తోంది కదా అది.

పాత_డ్రాఫ్టర్:
ఆపలేవు, బ్రాకెట్ ఒకసారి మొదలైతే కుడి చివరిదాకా పోతుంది. అందుకని పోనివ్వు, 1 నుంచి 6 దాకా మొత్తం లోడ్ ఉందనుకో, 3 నుంచి 6 దాకా అంతే లోడ్ పైకి నెడుతోందని ఇంకోటి కలుపు. మూమెంట్‌లో -డబ్ల్యూ/2 (ఎక్స్-1)² + డబ్ల్యూ/2 (ఎక్స్-3)² అని వస్తుంది (ఇక్కడ డబ్ల్యూ అంటే మీటర్‌కి లోడ్), స్లోప్‌కి క్యూబ్ బై 6, డిఫ్లెక్షన్‌కి పవర్ 4 బై 24. రియాక్షన్లు మాత్రం అసలు లోడ్‌తోనే కట్టు, అంటే 2 మీటర్ల ముక్కతో. కపుల్ (ఒక చోట తిప్పే మూమెంట్) ఏ దూరంలో ఇస్తే దాన్ని (ఎక్స్-ఏ) పవర్ సున్నా అని రాసుకో, ఇంటిగ్రేట్ చేసేటప్పుడు దారి తప్పకుండా ఉంటుంది. యూనిట్లు అన్నీ కిలోన్యూటన్, మీటర్లలో పెట్టెయ్, ఐ ని ఎంఎం⁴ నుంచి మీటర్⁴కి మార్చేటప్పుడు 10¹²తో భాగించాలి, 10³తో కాదు.