వేట బాణానికి ర్యాప్ చుట్టాలా, వద్దా? బావ ఒకటంటాడు, క్లబ్బు సీనియర్ ఇంకోటంటాడు

ఉప్పల్_విలుకాడు
నమస్కారం. మూడేళ్లుగా కాంపౌండ్ విల్లు వేస్తున్నాను. 50 మీటర్ల టార్గెట్ తప్ప వేరే లోకం తెలీదు. ఆగస్టులో ఆఫీసు పని మీద ఆరు నెలలు డాలస్ వెళ్తున్నాను, మకాం అక్కావాళ్లింట్లో. బావ ఏటా విల్లుతో జింక వేటకి వెళ్తాడు, ఈసారి నన్నూ తీసుకెళ్తానంటున్నాడు. టెక్సాస్‌లో విల్లు సీజన్ సెప్టెంబరు చివర్లో మొదలై అక్టోబరంతా ఉంటుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలట, అది చేస్తాను.

ఈకలు అంటించే జిగ్ నా దగ్గర ఇక్కడే ఉంది కాబట్టి డజను బాణాలు ఇక్కడే తయారుచేసి చెకిన్ లగేజీలో వేద్దామనుకుంటున్నాను. 28 అంగుళాల కార్బన్ షాఫ్ట్ (బాణం కాడ), 100 గ్రెయిన్ల పాయింట్ (ముందు మొన), మొత్తం 420 గ్రెయిన్లు (27 గ్రాములు). బావేమో "తెల్ల ర్యాప్ చుట్టుకుని రా" అంటాడు. మా క్లబ్బు సీనియర్ "వెనక బరువు పెరుగుద్ది, వేటకి అస్సలొద్దు" అంటాడు. ర్యాప్ అంటే తెలీనివాళ్లకి: ఈకల కింద షాఫ్ట్ చుట్టూ అంటించే పల్చటి వినైల్ స్టిక్కర్, మామూలుగా 4 అంగుళాల పొడవు. మీరేమంటారు?

కార్బన్_కాక
మీ సీనియర్ కరెక్టే. బాణానికి ముందు బరువుండాలి, వెనక కాదు. ఊరికే అందం కోసం తోకకి బరువు కడతామా? పైగా ఈక షాఫ్ట్‌కి అంటదు, స్టిక్కర్‌కి అంటుతుంది. స్టిక్కర్ లేస్తే ఈక కూడా లేస్తుంది. మొన్న మేలో మూడు గంటలు కారు డిక్కీలో ఉంచాను నా బాణాలు. సాయంత్రం తీసి చూస్తే నాలుగు బాణాలకి ర్యాప్ అంచులు పైకి చుట్టుకున్నాయి. అయిదోది మూడో రౌండ్‌లో ఈకతో సహా ఊడి గాల్లో వంకర్లు తిరిగింది. టార్గెట్ మీదైతే పాయింట్లు పోతాయి, జింక మీదైతే పొట్టలో దిగుతుంది.

రేడియం_భాయ్
కాకా, ఏ వినైల్ వాడినవ్? నాకు నంబర్ ప్లేట్లకు రేడియం కట్ చేసే షాపుంది గనక అడుగుతున్న. రెండు రకాలుంటది. క్యాలెండర్డ్ అని చవకది, ఎండకు ముడుసుకుంటది, అంచులు లేస్తయ్. కాస్ట్ అని ఇంకోటి, పల్చగ ఉంటది, వంపు మీద మంచిగ కూసుంటది. చానామంది షాపుకొచ్చి ఏది కనబడితే అది కట్ చేయించుకపోతరు. షాఫ్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోని తుడిచి, పూర్తిగ ఆరినంక, మౌస్ ప్యాడ్ మీద ఒక్కతీరుగ దొర్లించాలె. వేలి జిడ్డు తగిలిందంటే ఎంత మంచి వినైలైనా లేస్తది. తప్పు ర్యాప్‌ది కాదే.

కార్బన్_కాక
చవకదే, ఒప్పుకుంటా. బరువు సంగతి?

గ్రెయిన్_లెక్క
బరువు లెక్క నేను చెప్తాను. బంగారం తూచే కాటా మీద పెట్టి చూశాను. 4 అంగుళాల మామూలు వినైల్ ర్యాప్ దాదాపు 6 గ్రెయిన్లు, అంటే 0.4 గ్రాములు. పాతకాలం కంసాలి లెక్కలో మూడు గురివింద గింజల ఎత్తు. మెరిసే రేడియం అయితే మందం ఎక్కువ, 12 గ్రెయిన్లు తూగింది.

ఇప్పుడు ఉప్పల్ గారి బాణం. నాక్ గాడి (తోక చివర వింటినారి పట్టే గాడి) నుంచి 17.36 అంగుళాల దగ్గర అది సమంగా నిలబడుతుంది అనుకుందాం. సగం పొడవు 14 తీసేస్తే 3.36, దాన్ని 28తో భాగిస్తే 12 శాతం. దీన్నే ఎఫ్‌ఓసీ అంటారు, అంటే బరువు ముందుకి ఎంత వాలి ఉందో చెప్పే లెక్క. వేట బాణానికి 10 నుంచి 15 మధ్య ఉంటే చాలామంది సరే అంటారు. తోక దగ్గర 6 గ్రెయిన్లు పెడితే అది 11.3 అవుతుంది. 12 గ్రెయిన్ల రేడియం పెడితే 10.6. పాయింట్ 100 బదులు 125 వేస్తే మామూలు ర్యాప్ ఉన్నా 13.4కి చేరుతుంది. అయితే ముందు బరువు పెరిగితే షాఫ్ట్ మెత్తగా ప్రవర్తిస్తుంది, వెనక పెరిగితే బిరుసుగా. కాబట్టి ర్యాప్ చుట్టిన తర్వాతే ట్యూన్ చేయాలి, అంటే బాణం సూటిగా పోయేలా విల్లుని సరిచేసుకోవాలి. చుట్టకుండా ట్యూన్ చేసి, ఆనక చుట్టి, "బాణం పక్కకి పోతోంది" అని ఏడ్చేవాళ్లని చూశాను.

ఇంకో ముచ్చట. 6 గ్రెయిన్ల ర్యాప్ వద్దనేవాళ్లలో సగం మంది వేటకెళ్తూ వెలిగే నాక్ పెడతారు. అది మామూలు నాక్ కంటే పదీ పదిహేను గ్రెయిన్లు ఎక్కువ. అప్పుడు తోక బరువు ఎవరికీ గుర్తురాదు!

చిలుకూరు_మామ
అసలు మీరంతా హైదరాబాదులో కూచుని వేట గురించి మాట్లాడటమేంటి? మా ఇంటి పక్కనే మృగవని జాతీయ పార్కు. వనస్థలిపురంలో హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటాడిన చోటు, ఇప్పుడది కృష్ణజింకల పార్కు. కాలం అంత మారింది, మీరింకా బాణాలు పదును పెడుతున్నారు.

వికారాబాద్_రైతుబిడ్డ
మామా, మా మక్కజొన్న చేన్లకు అడవిపందులు దిగుతున్నయ్, గా బాణాలు జర ఇటు పంపురి 🙂

నిర్వాహకుడు
జోక్ అయినా ఇక్కడితో ఆపండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర వేట నేరం. చంపడమే కాదు, చంపే ప్రయత్నం కూడా వేట కిందికే వస్తుంది. పంట నష్టానికి అటవీ శాఖ దగ్గరికి వెళ్లాలి. ఈ చర్చ టెక్సాస్‌లో లైసెన్సుతో చేసే వేటకి వాడే బాణం గురించే. మామగారూ, మీ అభ్యంతరం న్యాయమైనదే, దానికి వేరే చర్చ తెరవండి.

ప్లేనో_బావగారు
నేను డాలస్ దగ్గరే ఉంటాను, ఈ ఉప్పల్ బాబు బావని మాత్రం కాను. తొమ్మిదేళ్లుగా వెళ్తున్నా కాబట్టి ఒక మాట. ఇక్కడ అందరూ బాణం గాల్లో ఉన్న సెకను గురించే కొట్టుకుంటున్నారు. ర్యాప్ అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

జింకకి బాణం తగిలినా అది అక్కడే కూలిపోదు, పరుగెడుతుంది. బాణం చాలాసార్లు అవతలికి దూసుకుపోయి ఆకుల్లో పడుతుంది. నువ్వు మాటు వేసిన చెట్టు దిగి ముందు వెతికేది ఆ బాణాన్నే. నల్ల కార్బన్ మీద రక్తం ఏ రంగో టార్చి వెలుగులో చెప్పలేవు, తెల్ల ర్యాప్ మీద చెప్పగలవు. ఎర్రగా, నురగ బుడగలతో ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్లొచ్చు. ముదురు ఎరుపైతే కాలేయం, కొన్ని గంటలు కదలకూడదు. పచ్చగా వాసనొస్తే పేగులు, రాత్రంతా వదిలేసి పొద్దున్నే వెళ్లడం మేలు. తొందరపడి వెంటపడితే జింక లేచి ఇంకో మైలు పోతుంది, ఎక్కడో పడి చస్తుంది, నీకూ దక్కదు. రెండో ఏడు నేను చేసిన పని అదే. ఆ బాణానికి ర్యాప్ లేదు. ఇప్పటికీ ఆ రాత్రి తల్చుకుంటే అన్నం సయించదు.

కార్బన్_కాక
ఇది నేను ఆలోచించలేదు. కానీ తెలుపు జింకకి కనబడదా? ఆ తోకతెల్ల జింకలు బెదిరితే తోకెత్తి తెలుపు చూపిస్తాయి కదా. ఆరు తెల్ల బాణాలు విల్లుకి తగిలించుకుని ఊపితే?

ప్లేనో_బావగారు
మంచి ప్రశ్న. జింకకి ఎరుపు, నారింజ సరిగా తెలీవు గానీ నీలం మనకంటే బాగా కనబడుతుంది. మెరుపు తెలుపులు, ఫ్లోరసెంట్ రంగులు వద్దు, మ్యాట్ తెలుపు చాలు. చెట్టెక్కాక అంబులపొదిని విల్లు నుంచి తీసి కొమ్మకి తగిలిస్తాను, ఊగేది ఒక్క బాణమే. టర్కీ కోడి సీజన్లో మాత్రం తెల్ల ర్యాప్ పట్టుకెళ్లకండి. మగ టర్కీ తల ఎరుపు, తెలుపు, నీలం. ఆ రంగులు చూసి పొదల్లో ఇంకో వేటగాడు నిన్నే కోడి అనుకోవచ్చు.

పదిలో_పది
టార్గెట్ వాళ్ల కోసం చిన్న ముక్క: వరల్డ్ ఆర్చరీ పోటీల్లో ర్యాప్‌కి అభ్యంతరం లేదు. నాక్ గాడి నుంచి 22 సెం.మీ. దాటకపోతే 9.3 మి.మీ. మందం పరిమితి లెక్కలోకి కూడా రాదు. బాణాలన్నీ ఒకేలా ఉండాలి, పేరో పొడి అక్షరాలో ఉండాలి. ఈకలు మార్చేటప్పుడు కూడా ర్యాప్ సుఖం. పొడుగు స్టీలు గ్లాసులో వేడినీళ్లు పోసి తోక ముంచితే అర నిమిషంలో ఈకలతో సహా తొక్కలా వస్తుంది. లేకపోతే బ్లేడుతో గీకుతూ కూచోవాలి, కార్బన్ పోగు తెగితే షాఫ్టే పోయింది.

ఉప్పల్_విలుకాడు
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం మూడు బాణాలకి చుట్టి, మూడు ఉత్తవి వేసి చూశాను. 20 గజాల దగ్గర తేడా నాకు దొరకలేదు. 50 మీటర్ల దగ్గర చుట్టినవి వేలెడు మందం కిందకి పడ్డాయి. బావ ఎప్పుడూ 30 గజాలు దాటి వదలొద్దంటాడు. మ్యాట్ తెలుపు చుట్టి, 125 పాయింట్ వేసి ట్యూన్ చేస్తాను. డజనుకి డజనూ ఒకేలా. సీనియర్‌కి చెప్తే "నీ ఇష్టం" అని ముఖం తిప్పుకున్నాడు.

కార్బన్_కాక
నేను టార్గెట్ బాణాలకి ఇప్పటికీ చుట్టను. అది వేరే సంగతి.

రేడియం_భాయ్
తమ్మీ, షాఫ్ట్ బయటి మందం ఎంత? 6 మి.మీ. అయితే చుట్టుకొలత 19 దాకొస్తది, రెండు మి.మీ. ఎక్కేటట్టు 21 వెడల్పు కట్ చేస్త. ఆదివారం పదకొండు తర్వాత రా, పొద్దుగాల షాపు తెరవ. షాఫ్ట్ ఒకటి ఎంట తెచ్చుకో.