తకోయాకి పుట్టుక గురించి తెలుపగలరు

ప్రశ్న (విజయవాడ):
బెంజ్ సర్కిల్ వద్ద ఒక బండి మీద, గుంత పొంగణాల పెనం వంటి దానిలో తకోయాకి వేస్తున్నారు. ఈ జపాన్ చిరుతిండి చరిత్ర తెలిసినవారు దయచేసి వివరించగలరా?

జవాబు:
ఒసాకాలో ఐజుయా అంగడి నడిపిన ఎండో తోమెకిచి గారు మొదట గొడ్డుమాంసం పెట్టి రేడియోయాకి అనే గుండ్రని పిండి ఉండలు అమ్మేవారు. అకాషి పట్టణంలో గుడ్ల పిండిలో ఆక్టోపస్ వేసే పద్ధతిని తెలుసుకుని, 1935లో ఆ ముక్కలతో తకోయాకిని రూపొందించారు. పిండికే రుచి పట్టించడం వలన అప్పట్లో పైన సాస్ ఉండేది కాదు; నాకు ఆ పద్ధతే మేలనిపిస్తుంది.

జవాబు (గుంటూరు):
శాకాహారులకు ఒక మనవి. పైన చల్లే పలుచని పొరలు, వేడికి అటూ ఇటూ కదిలేవి, పొగబెట్టి ఎండబెట్టిన చేప తురుము. లోపల ఆక్టోపస్‌కు బదులు పన్నీరు పెట్టినా, పిండిని సాధారణంగా చేపతో కాచిన దాషి రసంతోనే కలుపుతారు కనుక, బండివారిని ముందే అడగండి.