కార్డినల్ టెట్రా పిల్లలు బతకడం లేదు, సలహా ఇవ్వండి

అమెజాన్‌కు ఉపనది అయిన రియో నీగ్రోలో పుట్టిన కార్డినల్ టెట్రాలనే చిన్న చేపలను తొట్టెలో పెంచుతున్నాను. గుడ్లు పెడుతున్నాయి, గుడ్ల నుంచి పిల్లలు వస్తున్నాయి కూడా. పిల్లలు ఈత మొదలుపెట్టాకే చనిపోతున్నాయి, చూడలేకపోతున్నాను.

ఆ నది నీరు కుళ్లిన ఆకుల సారంతో డికాక్షన్ రంగులో ఉంటుంది. ఖనిజాలు చాలా తక్కువ, ఆమ్లత్వం ఎక్కువ. అందుకే ఆర్ఓ నీటిలో ఎండు బాదం ఆకులు వేసి పీహెచ్ 5.5 దగ్గర నిలిపాను. గుడ్లకు వెలుతురు పడదు కాబట్టి తొట్టెకు నల్లగుడ్డ చుట్టాను.

పెద్ద చేపే నాలుగు సెంటీమీటర్లు దాటదు, ఇక పిల్లల నోరెంత! గుడ్డులోంచి అప్పుడే వచ్చిన ఆర్టీమియా (రొయ్యలాంటి చిన్న ఉప్పునీటి జీవి) పిల్ల కూడా పట్టదు. ఇన్ఫ్యూసోరియా (నీటిలో పెరిగే సూక్ష్మజీవులు) మాత్రమే ఇస్తున్నాను. అది చాలడం లేదా, మిగిలిన మేతతో నీరు చెడుతోందా? నాకు రెండోదే అనుమానం. పిల్లలను పెంచి నిలబెట్టినవారు మొదటి వారం ఏం మేపారో, నీరు ఎలా మార్చారో, వెలుతురు ఎప్పుడు చూపించారో దయచేసి వివరంగా చెప్పండి.