ఇల్లు మట్టిది, సమాధి సిమెంటుది: హైతీని ముంచింది ఆచారాలేనా?

పెన్నాతీరం (చర్చ మొదలుపెట్టినవారు):
2011లో ఐక్యరాజ్యసమితి తరఫున కరీబియన్ దేశం హైతీ వెళ్లిన మన పోలీసు దళంలో నేనూ ఉన్నాను. అక్కడ ఏడాది చేశాను. చాలా రోజులుగా మనసులో ఉన్న మాట ఇక్కడ పెడుతున్నా.

ఒకరోజు రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్ దాటి పల్లెదారిలో పోతుంటే మా బండి ఆగింది. రోడ్డు పక్కన ఒక ఇల్లు. తడికలకు మట్టి మెత్తిన గోడలు, పైన తుప్పు రేకులు. ఇంటికి పది అడుగుల్లో సమాధి. సిమెంటుతో కట్టి, లేత నీలం రంగు వేసి, ముందు చిన్న వసారా కూడా దించారు. ఒకావిడ ప్లాస్టిక్ మగ్గుతో నీళ్లు పోస్తూ దాన్ని చేత్తో రుద్ది కడుగుతోంది. దుబాసీతో అడిగిస్తే అమ్మ సమాధి అంది. ఎంతయింది అన్నాను. ఆవును అమ్మాను, ఇంకా అప్పుంది అని చెప్పింది. బడి ఉన్న రోజే, ఇద్దరు పిల్లలు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. అక్కడ బడులు చాలావరకు ప్రైవేటువే. ఫీజు కట్టలేకపోతే పిల్ల ఇంట్లోనే.

చావుకు తొమ్మిది రాత్రులు ప్రార్థన, వచ్చినవాళ్లకు కాఫీ, చెరకు సారా, ఊరేగింపుకు బ్యాండు. ఏడాది దాటాక మళ్లీ వాళ్ల వూడూ మతం తంతు. చచ్చినవాళ్లకు సిమెంటు, బతికున్నవాళ్లకు మట్టి. ఈ నమ్మకాలు పోనంతవరకు ఆ దేశం బాగుపడదు. నేను చెప్పేది తప్పయితే చెప్పండి.

డెల్టా:
పచ్చి నిజం. మన దగ్గర పెద్దకర్మలూ ఇలాగే తయారయ్యాయి.

సరిచూపు:
వూడూ కాదండీ, వోడూ. వాళ్ల క్రెయోల్ భాషలో పలికేది అలాగే. ‘వూడూ’ అనగానే బొమ్మకు సూదులు గుచ్చడం గుర్తొస్తుంది, అది సినిమాలు అంటించిన మురికి. చర్చకు ముందు పేరు సరిచేసుకుందాం.

తెనాలి మాస్టారు:
పెన్నాతీరం గారూ, మీరు చూసినదాన్ని కాదనను. కానీ ఆవిడ గోడలు మట్టివి ఎందుకయ్యాయో ఆ సమాధిని అడిగితే తెలియదు.

హైతీ బానిసలు తిరగబడి ఫ్రెంచి సైన్యాన్ని ఓడించి 1804 జనవరి 1న స్వతంత్రులయ్యారు. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, పోయిన తోటలకూ పోయిన బానిసలకూ నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. అంటే మనిషి తన ఒంటికి తానే వెల కట్టి యజమానికి ఇవ్వాలన్నమాట. 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించారు. అది కట్టడానికి మళ్లీ ఫ్రెంచి బ్యాంకుల దగ్గరే అప్పు చేశారు. ఆ అప్పుల తోక 1947 దాకా తెగలేదు. బడులకు పోవాల్సిన డబ్బు ఎటు పోయిందో ఇక్కడ చూడండి.

మీరు ఆవు సంగతి చెప్పారు కాబట్టి పంది సంగతి చెబుతాను. హైతీ రైతుకు నల్లటి నాటు పందే బ్యాంకు. బడి ఫీజు వచ్చినా, పెళ్లి వచ్చినా, చావు వచ్చినా ఒకటి అమ్మేవాడు. పందులకు జ్వరం వచ్చిందని అమెరికా పూనుకుని 1982-83లో దేశంలోని నాటు పందులన్నింటినీ చంపించింది. బదులుగా ఇచ్చిన తెల్ల పందులకు దిగుమతి దాణా కావాలి, సిమెంటు నేల కావాలి. రైతులు వాటిని ‘నాలుగు కాళ్ల రాకుమారులు’ అన్నారు. మనిషి మట్టినేల మీద పడుకునే ఇంట్లో పందికి సిమెంటు ఎక్కడినుంచి తెస్తాడు? తర్వాత 1995లో బియ్యం మీద దిగుమతి సుంకాన్ని 50 శాతం నుంచి 3 శాతానికి దించారు. అమెరికా బియ్యం వచ్చిపడి ఆర్తిబొనీత్ లోయలో వరి పండించేవాళ్లు చితికిపోయారు. ఆ విధానం తప్పేనని, అప్పట్లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న క్లింటనే 2010లో ఒప్పుకున్నాడు. ఇన్ని వదిలేసి ఒక కూతురు అమ్మకు కట్టిన గోరీ మీద పడితే ఎలా?

పెన్నాతీరం:
మాస్టారూ, మీరు చదివింది చెబుతున్నారు, నేను చూసింది చెబుతున్నాను. 1825లో ఫ్రాన్స్ దోచుకుంది, ఒప్పుకున్నాను. ఆ ఆవును అమ్మమని ఫ్రాన్స్ చెప్పిందా? ఉన్న ఒక్క ఆవూ పిల్లల చదువుకు పోవాలా, రాతికి పోవాలా? దీనికి సూటిగా జవాబు చెప్పండి.

బేతెస్ద:
అదంతా దయ్యాల పూజ అండీ. 1791లో తిరుగుబాటుకు ముందు ఆ బానిసలు బోయి కయిమాన్ అడవిలో పంది నెత్తురుతో ఒట్టు పెట్టుకున్నారు కదా, ఆ శాపమే ఇదంతా. క్రీస్తును నమ్ముకున్నవాళ్లు బాగుపడ్డారు.

తెనాలి మాస్టారు:
ఈ మాట చాలా ప్రమాదం. 2010 జనవరి 12 భూకంపం వచ్చిన మర్నాడే అమెరికా టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ అచ్చం ఇదే అన్నాడు. అప్పటికి శవాలు శిథిలాల కిందే ఉన్నాయి. అదే ఏడాది కలరా వచ్చింది. ఐక్యరాజ్యసమితి స్థావరంలోని మురుగు నదిలో కలవడం వల్ల వచ్చింది, సుమారు 10,000 మంది పోయారు, 2016లో ఆ సంస్థ అధిపతి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పాడు. కానీ ఊళ్లలో జనం ఏమన్నారు? వోడూ పూజారులే పొడి చల్లి జబ్బు తెచ్చారన్నారు. కనీసం 45 మందిని కొట్టి, నరికి చంపారు. శాపం అనే మాట చివరికి అక్కడ తేలుతుంది.

వోడూ 2003 నుంచి అక్కడ ప్రభుత్వం గుర్తించిన మతం. అంతకుముందు 1941-42లో చర్చి, సర్కారు కలిసి డప్పులు తగలబెట్టాయి, దేవతలుంటారని నమ్మే చెట్లు నరికించాయి. అయినా పోలేదు.

బేతెస్ద:
చంపడం తప్పే, నేను సమర్థించను. మా గుంటూరు వైపు నవంబరు 2న సమాధుల పండుగ చేస్తాం, సున్నం కొట్టి పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాం. సమాధి కడగడాన్ని నేను తప్పనలేదు.

తెనాలి మాస్టారు:
అదే రోజు హైతీలోనూ చేస్తారండీ. నవంబరు 1, 2 తేదీల్లో ఊదా, నలుపు బట్టలు కట్టుకుని శ్మశానానికి వెళ్లి, కొవ్వొత్తులు పెట్టి, నేల మీద కాఫీ పోసి, మిరపకాయలు నానేసిన సారా పోస్తారు. మీరు సున్నం కొడతారు, వాళ్లు సారా పోస్తారు.

సరిచూపు:
పైన ఒకరు ఇంకా ‘వూడూ’ అని దిద్దుకోలేదు.

పాలమూరు ఆడబిడ్డ:
నేను న్యూయార్క్‌లో ఒక వృద్ధాశ్రమంలో నైట్ డ్యూటీ నర్సుని. మా ఫ్లోర్‌లో హైతీ అక్క ఒకామె ఉంది. పదకొండేళ్లుగా పక్కపక్కన పనిచేస్తున్నాం. తెల్లవారుజామున కాఫీ తాగేముందు రెండు చుక్కలు సింకులో వదులుతుంది. నేల మీద పోయాలంట. ‘ఇక్కడ నేలెక్కడుంది’ అంటుంది. జనవరి 1న పెద్ద గిన్నెతో గుమ్మడికాయ సూప్ తెస్తుంది. బానిసలుగా ఉన్నప్పుడు వండి దొరలకు పెట్టడమే గానీ నోట పెట్టుకోనివ్వలేదని, స్వతంత్రం వచ్చిన రోజున అందరూ తాగారని చెప్తుంది. దాన్ని యునెస్కో 2021లో వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఆ అక్క రెసిడెంట్లందరికీ తాగించింది.

పెన్నాతీరం అన్నా, మీ ప్రశ్నకు ఆమె మాటల్లోనే చెప్తా. పల్లెల్లో భూమికి కాగితాలు సరిగా ఉండవు. ఎవరి తాత ఎక్కడ పడుకున్నాడో అదే పట్టా. సమాధి ఉన్న నేలను ఒక్క అన్నదమ్ముడు గుట్టుగా అమ్ముకోలేడు, కొనేవాడూ భయపడతాడు. సిటీకి పోయినవాళ్లు, అమెరికా పోయినవాళ్లు తిరిగొస్తే ఇది మాది అని నిలబడే చోటు అదొక్కటే. మట్టి సమాధి రెండు వానలకు కరిగిపోతుంది. అందుకే సిమెంటు. ఆ ఆవు రాతికి పోలేదు, గట్టుకు పోయింది.

ఇంకోటి. ఆ ఖర్చు అంతా ఒక్క ఇంటి మీద పడదు. మన చీటీల్లాగే వాళ్లకు ‘సోల్’ ఉంటుంది. పొలం పనికి ‘కోన్బిట్’ ఉంటుంది, మన దగ్గర బదులు పనికి పోయినట్టే. శవం దగ్గర రాత్రంతా కూర్చునేవాళ్లు డొమినోలు ఆడతారు, ఒకరు ‘క్రిక్?’ అంటే అందరూ ‘క్రాక్!’ అని కథ మొదలుపెట్టిస్తారు. ఆ ఇంటివాళ్లను ఒంటరిగా ఏడవనివ్వరు. దీన్ని దుబారా అంటున్నారు మీరు.

పెన్నాతీరం:
అమ్మా, అమెరికాలో జీతం తీసుకుంటూ ‘వాళ్ల ఆచారం ఎంత బాగుంది’ అనడం సులువు. అక్కడ ఎండలో నిలబడి చూస్తే తెలుస్తుంది.

పాలమూరు ఆడబిడ్డ:
తుపాకీ పట్టుకుని నిలబడి చూశారు కదా అన్నా. మీకు ఏం తెలిసింది? రేటు తెలిసింది.

డెల్టా:
ఇద్దరూ కాస్త తగ్గండి, దండం పెడతా.

పెన్నాతీరం:
తగ్గను. నాకు తెలిసింది రేటు కాదు. 1994లో మా నాన్న పోయాడు. పదకొండో రోజుకి మూడు ఊళ్ల బంధువులకు భోజనాలు పెట్టాలన్నారు. ‘పెద్దోడివి, పరువు తీయకు’ అని మా పెదనాన్న అరుగు మీద కూర్చుని నలుగురిలో అన్నాడు. నాకప్పుడు ఇరవై ఒకటి. ఎకరన్నర అమ్మాను. మా చెల్లెలు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఫస్టు వచ్చింది, రెండో సంవత్సరం ఫీజు కట్టలేక మాన్పించాను. ఆర్నెల్లకు పెళ్లి చేశాం. ఇప్పటికీ మా ఇంటికొస్తే నా కొడుకు పుస్తకాలు తిరగేస్తూ కూర్చుంటుంది. ఆ గుమ్మంలో పిల్లలను చూస్తే నాకు మా చెల్లెలే కనిపించింది. అందుకే రాశాను.

తెనాలి మాస్టారు:
ఈ సంగతి ముందే చెప్పి ఉంటే నేను 1825 దాకా పోయేవాణ్ని కాదండీ.

పాలమూరు ఆడబిడ్డ:
అన్నా, మీ చెల్లెలి సంగతి చదివి బాధేసింది. కానీ నాదీ వినండి. 2021 మేలో మా అమ్మ కరోనాతో పోయింది. సంచిలో చుట్టి తీసుకుపోయారు. నేను ఫోన్‌లో కూడా చూడలేదు. దినం లేదు, పిట్టకు పెట్టలేదు, ఒక్కరు ఇంటికి రాలేదు. పైసా ఖర్చు కాలేదు. మరుసటి ఏడాది మా తమ్ముడు చేను అమ్మేశాడు, గట్టు మీద తాత సమాధి ఉండగానే. ఇప్పుడు ఊరికి పోతే నేను ఎక్కడ నిలబడాలో తెలీదు.

మా హైతీ అక్క చెల్లెలు భూకంపంలో పోయింది. ఊరి బయట టిటాన్యెన్ గుంతల్లో వేలమందితో కలిపి లారీలోంచి పోశారు. ఏ గుంతో తెలీదు. అక్కడా ఖర్చు కాలేదు. మరి ఇన్నేళ్లయినా ఆమె సింకు దగ్గర ఎందుకు నిలబడుతోంది?

పెన్నాతీరం:
టిటాన్యెన్ నేను చూశాను. బోడి గుట్ట. అక్కడక్కడ శిలువలు, పేర్లు లేవు. దాని గురించి ఇంకేం రాయలేను.

తెనాలి మాస్టారు:
ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ ఎకరన్నర మీ పెదనాన్న అమ్మించాడు. ఆ ఆవును ఎవరైనా అమ్మించారా, ఆవిడే అమ్ముకుందా? చనిపోయిన ఏడాదీ ఒక రోజుకి ఆత్మను నీటి అడుగునుంచి పైకి తెచ్చే పెద్ద తంతు ఉంది కదా, ఖర్చు ఎక్కువని అది చాలామంది ఆగి, నాలుగైదు ఇళ్లు కలిసి ఒకేసారి చేస్తారు. వాళ్లకూ లెక్క తెలుసు.

పెన్నాతీరం:
అడగలేదు మాస్టారూ. ఎంతయిందనే అడిగాను. ఆవిడ ఇంకేదో కూడా చెప్పింది, దుబాసీ చివరిదాకా తిప్పి చెప్పలేదు, నేనూ మళ్లీ అడగలేదు. బండి స్టార్టయింది.

బలవంతం లేకుండా ఎవరి ఇష్టంతో వాళ్లు చేసుకుంటే నేనెవరిని కాదనడానికి? కానీ ఊళ్లో పదిమంది చూస్తుండగా ‘ఇష్టం’ అనేది ఎంతవరకు ఇష్టమో నాకు తెలుసు. ఆ మాట మీద నేను మారను. పిల్లల ఫీజు ముందు.

పాలమూరు ఆడబిడ్డ:
నేనూ మారను. ఆ పిల్లలు పెద్దయ్యాక నిలబడే చోటు కూడా కావాలి.

సరిచూపు:
మొదటి పోస్టులో పేరు సరిచేస్తే నాకు చాలు.

పెన్నాతీరం:
చేశాను. వోడూ.

డెల్టా:
పాలమూరు అక్కా, నేను మీసేవలో పనిచేస్తాను. సమాధి ఉన్న రెండు గుంటలు వదిలేసి మిగతాది రిజిస్ట్రేషన్ చేసినవి చూశాను. మీ తమ్ముడి దగ్గర అమ్మిన దస్తావేజు నకలు ఉంటుంది. హద్దులు రాసిన చోట ఏముందో చూడండి.

పాలమూరు ఆడబిడ్డ:
వాడితో మాట్లాడి రెండేళ్లయింది తమ్ముడూ. ఆదివారం చేస్తా.