కుక్కపిల్ల వచ్చి పదహారు రోజులైంది, బాబు సోఫా దిగడం లేదు. ఏం చేయమంటారు?

వెన్నెలమెట్లు:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. కాస్త పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మాకు ఇద్దరు పిల్లలు. పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి నాలుగున్నర. పాప రెండేళ్ళుగా కుక్కపిల్ల కావాలని అడుగుతూనే ఉంది. ఊరికే మోజుపడి తెచ్చింది కాదు, అన్నీ ఆలోచించుకుని, ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచి అప్పుడు తెచ్చుకున్నాం. ఇప్పుడు పది వారాలు దాటింది. గోధుమరంగు, నుదుటి మీద తెల్లటి మచ్చ. అది చూసే పాప దానికి చుక్క అని పేరు పెట్టింది.

పొద్దున్నంతా బాగానే ఉంటుంది. సాయంత్రం ఆరయ్యేసరికి దానికి ఏదో పూనినట్టు అవుతుంది. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి ఒకటే పరుగు. చీపురు, చెప్పులు, కర్టెన్ అంచు, ఏది దొరికితే అది నోట్లోకే. చివరికి బాబు పైజామా పట్టుకుంటుంది. వాడు కేకలు పెడుతూ పరిగెడతాడు, అది వెంటపడుతుంది. మొన్న మడమ మీద పన్ను దిగింది. రెండు చుక్కల రక్తం వచ్చింది. అప్పటికప్పుడు నీళ్ళతో కడిగి మందు రాశాను. ఆ రాత్రి నుంచి వాడు సోఫా మీంచి కాలు కింద పెట్టడం లేదు. బాత్రూంకి వెళ్ళాలన్నా "అమ్మా, ఎత్తుకో" అంటాడు.

పాప ఇంకో రకం. "నేను అడగబట్టే కదా తమ్ముడు ఏడుస్తున్నాడు" అంటూ దాని దగ్గరికి వెళ్ళడమే తగ్గించేసింది. నాకు అన్నిటికంటే బాధగా ఉన్నది ఇదే.

మావారు వారంలో నాలుగు రోజులు ఊళ్ళో ఉండరు. రాత్రిళ్ళు లేచేది నేనే. నిన్న రెండున్నరకి బయటికి తీసుకెళ్ళి పది నిమిషాలు నిలబడ్డాను. అది ఆకులు వాసన చూసింది, నా చెప్పు కొరికింది. లోపలికి వచ్చాక పాప స్కూలు బ్యాగు పక్కన ఉచ్చ పోసింది. నేల తుడుస్తూ తుడుస్తూ ఏడ్చేశాను. తప్పు చేశామేమో అనిపిస్తోంది. ఈ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు, ఇక్కడే అంటున్నాను.

తెలిసినవాళ్ళు ముక్కు మీద ఒకటి వేయమంటున్నారు. నాకు చేయి రావడం లేదు. బాగా ఆడించి అలసిపోయేలా చేయమని ఇంకొకరు. అది చేసి చూశాను, ఇంకా ఎక్కువైంది. ఈ కొరకడం ఎప్పటికి తగ్గుతుంది? బాబు భయం ఎలా పోతుంది?

మందులగది:

ముందు ఒక మాట, మిగతావన్నీ తర్వాత. బాబుని ఈ రోజే పిల్లల డాక్టర్‌కి చూపించండి. నేను పశువైద్యశాలలో అసిస్టెంటుని, ఆరేళ్ళ నుంచి చేస్తున్నాను. పన్ను దిగి రక్తం వచ్చిందంటే, కరిచింది ఇంట్లో కుక్కపిల్లే అయినా సరే, సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. పది వారాల పిల్లకి రేబిస్ టీకా పడి ఉండదు, అది మామూలుగా మూడు నెలలకి వేస్తారు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. భయపెట్టాలని కాదు. కుక్కపిల్ల ఎక్కడి నుంచి వచ్చింది, తల్లికి టీకాలు పడ్డాయా, అన్నీ చెప్పండి. ఇంజెక్షన్ కావాలో వద్దో డాక్టరే చెబుతారు, మనం ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు.

చుక్కకి నులిపురుగుల మందు పట్టించారా? ఈ వయసులో రెండు వారాలకోసారి పట్టించాలి. దాని కడుపులోని ఏలికపాముల గుడ్లు మట్టిలోంచి పిల్లల చేతులకీ, చేతుల్లోంచి నోటికీ చేరతాయి. అది దొడ్డికి వెళ్ళగానే ఎత్తేయండి. ఆ గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజు తీసేస్తే చాలావరకు భయం ఉండదు. ఆడుకుని లేచాక పిల్లలు చేతులు కడుక్కోవాలి.

కవలల నాన్న:

వెన్నెలమెట్లు గారూ, మీరు రాసిన సాయంత్రం ఆరు గంటల సంగతి చదువుతుంటే మా హాలే కనిపించింది. మా మగపిల్లలకి ఆరేళ్ళప్పుడు కుక్కపిల్లని తెచ్చాం. ఇప్పుడు దానికి ఐదేళ్ళు.

మాకూ అదే సలహా ఇచ్చారు, ఆడించండి, అలసిపోతుంది అని. నేను సాయంత్రం గంటసేపు బంతి విసిరేవాణ్ణి. ఆ తర్వాత అది నా పిల్లల మోచేతులు వదిలేది కాదు. ఒక శనివారం విసుగొచ్చి నోటుపుస్తకం తీసుకుని అది ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది రాస్తూ పోయాను. మర్నాటికి లెక్క చూస్తే మొత్తం 11 గంటలు. ఆ వయసు పిల్ల రోజుకి 18 నుంచి 20 గంటలు నిద్రపోవాలి. అంటే సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఇద్దరు పిల్లలు, టీవీ, కాలింగ్ బెల్, కుక్కర్ కూత. కన్ను మూతపడగానే ఎవరో ఒకరు వెళ్ళి నిమురుతారు. నిద్ర చాలని మన చంటిపిల్లలు సాయంత్రానికి ఎలా గుక్కపట్టి ఏడుస్తారో, ఇది అలా కొరుకుతుంది. ఏడవడం దానికి రాదు కదా.

కాబట్టి మీ చుక్కది పొగరు కాదు, నిద్రలేమి అనే నా నమ్మకం. ముక్కు మీద కొట్టొద్దు, మీకు చేయి రాకపోవడమే మంచిదైంది. కొడితే చేయంటే భయం నేర్చుకుంటుంది. ఆ భయంతో కరిచేది మిమ్మల్ని కాదు, ఎత్తు తక్కువగా ఉన్న బాబుని.

మేం చేసింది చెబుతాను. ఒక మూల చుట్టూ మడత కంచె పెట్టాం. లోపల పరుపు, నీళ్ళు, నమిలే బొమ్మ. గంటసేపు మెలకువ, తర్వాత గంటన్నరో రెండు గంటలో అందులో. నిద్ర వచ్చేదాకా ఆగకుండా, రాకముందే. పైన దుప్పటి కప్పి సగం చీకటి చేసేవాళ్ళం. మొదటి రెండు రోజులు కుయ్‌కుయ్‌మంది. నేను పక్కనే నేల మీద కూర్చుని ఏదో చదువుకునేవాణ్ణి, మాట్లాడేవాణ్ణి కాదు. మూడో రోజు దానంతట అదే వెళ్ళి పడుకుంది. నేను మా ఇంట్లో పెట్టిన ఒకే ఒక్క గట్టి నియమం: కంచె లోపల ఉన్నప్పుడు దాన్ని ఎవరూ తాకకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. పిల్లల కంటే వచ్చిన చుట్టాలకి చెప్పడమే కష్టమైంది. ఐదారు రోజుల్లో ఆ సాయంత్రపు వీరంగం సగానికి తగ్గింది.

పళ్ళ సంగతి. ఇప్పుడున్నవి 28 పాలపళ్ళు, సూదుల్లాంటివి. నాలుగో నెల ప్రాంతంలో ఊడటం మొదలై ఆరేడు నెలలకి 42 గట్టి పళ్ళు వచ్చేస్తాయి. కొరకడం ఆ లోపే మెల్లగా తగ్గుతూ వస్తుంది, ఒక్క రోజులో ఆగదు. పన్ను చర్మానికి తగిలితే మేం ఆట ఆపేసి, గుమ్మానికి అడ్డంగా పెట్టిన చిన్న గేటు దాటి అవతలికి వెళ్ళిపోయేవాళ్ళం, అర నిమిషం. "కుయ్" అని అరవమని చాలామంది చెబుతారు. మా దానికి ఆ అరుపు ఇంకా హుషారునిచ్చింది, మానేశాం.

ఇక బాబు. వాణ్ణి సోఫా దింపే ప్రయత్నం చేయకండి. ఆ సోఫా మీదే మొదలుపెట్టండి. చుక్క తినే గింజలు ఒక గిన్నెలో వేసి వాడి చేతికివ్వండి, పైనుంచి ఒక్కో గింజ దూరంగా విసరమనండి. తన వైపు కాదు, అవతలికి. అది పరిగెత్తి తిని వెనక్కి వస్తుంది, ఆగి వాడి మొహం చూస్తుంది. అప్పుడు ఇంకోటి. తన చెయ్యి ఊపితే అది దూరం వెళుతుందని వాడికి తెలియాలి. ఇన్నాళ్ళూ అది తన మీదికి రావడమే చూశాడు పాపం. మీరు మధ్యలో, నేల మీద కూర్చోండి.

రెండోది చెట్టు ఆట. కుక్క లేనప్పుడు, మీరే కుక్కపిల్లై వాడి వెంటపడండి. వాడు టక్కున ఆగి, చేతులు కట్టుకుని, తన పాదాల వంక చూడాలి. మీరు విసుగొచ్చి వెళ్ళిపోవాలి. మావాళ్ళు నవ్వి నవ్వి పడిపోయేవారు. కానీ నాలుగున్నరేళ్ళవాడు నిజంగా అది మీదికి వచ్చినప్పుడు ఇదంతా గుర్తుపెట్టుకుంటాడని ఆశపడకండి. అందుకే గేటు. పెద్దవాళ్ళ కన్ను రెండింటి మీదా ఉంటేనే ఇద్దరూ ఒక గదిలో. మీరు పొయ్యి దగ్గర ఉంటే అది కన్ను ఉన్నట్టు కాదు.

ఇంకొకటి, ఇది నన్ను ఇప్పటికీ తొలుస్తుంది. మా పెద్దవాడు దాని మెడ చుట్టూ చేతులు వేసి కౌగిలించుకున్న ఫోటో ఒకటి నా ఫోన్లో ఉంది. ఎంత ముద్దుగా ఉందోనని అందరికీ పంపాను. ఏడాది తర్వాత చూస్తే వాడు నవ్వుతున్నాడు, అది మొహం పక్కకి తిప్పేసుకుంది, నోరు బిగించి ఉంది, కంటి మూల తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తోంది. వదలమని అడుగుతోంది. నాకు చదవడం రాలేదు. పెదవులు నాక్కోవడం, నిద్రమత్తు లేకుండానే ఆవలించడం, ఉన్నట్టుండి కొయ్యబారిపోవడం, ఇవన్నీ ఆ అడగడమే. మీ పాపకి ఇవి నేర్పండి, తొమ్మిదేళ్ళ పిల్లలు మనకంటే ముందు పట్టేస్తారు. గుర్రుమంటే మాత్రం తిట్టకండి, పిల్లల్ని పక్కకి తీయండి. గుర్రుమనడం మాన్పిస్తే, ఈసారి చెప్పకుండా కరుస్తుంది.

రాత్రి సంగతి క్లుప్తంగా: లేవగానే, తినగానే, ఆడగానే బయటికి. రెండున్నరకి తీసుకెళితే తాడు కట్టి ఒకే చోట నిలబడండి, మాట వద్దు, లైటు వద్దు. పోస్తే అక్కడే, ఆ క్షణంలోనే ఒక గింజ. పోయకపోతే నేరుగా కంచెలోకి, పది నిమిషాలాగి మళ్ళీ బయటికి. లోపల వదిలేస్తే బ్యాగు పక్కనే పోస్తుంది. ఆ చోటుని ఎంజైములున్న క్లీనర్‌తో తుడవండి. అమ్మోనియా ఉన్నది వాడితే దానికి అది ఉచ్చ వాసనలాగే ఉంటుంది, మళ్ళీ అక్కడికే వస్తుంది.

జామచెట్టు కింద:

నాకు ఇరవై నాలుగేళ్ళు, పిల్లలు లేరు, కానీ మీ పాప గురించి చెప్పాలనిపించింది. కుక్కపిల్ల కావాలని ఇంట్లో ఏడ్చి సాధించిన పిల్లని నేను. అది మా చెల్లి చెయ్యి గీరితే ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా నేనే తెచ్చిపెట్టానని రాత్రిళ్ళు దుప్పట్లో అనుకునేదాన్ని. మా నాన్న ఒకరోజు "తేవాలని తేల్చింది నేనూ మీ అమ్మా. నువ్వు అడిగావు, అంతే" అన్నారు. ఆ మాట మీ పాపకి నోరు తెరిచి చెప్పండి, తెలుసుకుంటుందిలే అనుకోవద్దు. దానికంటూ ఒక పని కూడా ఇవ్వండి. కుక్క భారమంతా కాదు, ఒక్క పని. నేను పొద్దున గిన్నె నింపేదాన్ని.

మందులగది:

కవలల నాన్న గారు రాసినవాటికి ఒకటి కలుపుతాను. టీకాలు పూర్తవలేదని చుక్కని పూర్తిగా గదిలో బంధించకండి. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకు చూసినవీ విన్నవే దానికి జీవితమంతా మామూలుగా అనిపిస్తాయి. వేరే కుక్కలు తిరిగే నేల మీద దించకుండా, చంకనెత్తుకుని బయట నిలబడండి. బండ్లు, గొడుగులు, గడ్డాలవాళ్ళు, సైకిల్ తొక్కే పిల్లలు, అన్నీ చూడనివ్వండి. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతకమైన అంటుజబ్బుల టీకాలు 16 వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి పడుతూనే ఉండాలి, ఒక్కటి వేయించి ఆపొద్దు. పిల్లల చేతిలోని చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష దానికి విషం. స్కూలు బ్యాగులు నేల మీద ఉండకపోవడం ఇందుకూ మంచిదే.

వెన్నెలమెట్లు (ఆరు వారాల తర్వాత):

అందరికీ చెబుతానని మాటిచ్చి ఇన్నాళ్ళకి వచ్చాను. డాక్టర్‌కి ఆ రోజే చూపించాం, ఇంజెక్షన్లు వేశారు, అన్ని డోసులూ పూర్తి చేయించాం. మందులగది గారూ, మీరు అంత గట్టిగా చెప్పకపోతే నేను వెళ్ళేదాన్ని కాదు.

నిద్ర లెక్క పాపకి అప్పజెప్పాను. ఒక పాత డైరీలో గడియారం బొమ్మలు వేసి రాస్తోంది. మొదటి రోజు పన్నెండున్నర గంటలు, మొన్న పదిహేడు. "నువ్వు అడిగావు, తెచ్చింది మేము" అని చెప్పిన రాత్రి అది ఏమీ అనలేదు. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంది. పొద్దున లేచి చుక్క దగ్గరికి వెళ్ళింది.

బాబు పదకొండు రోజులు సోఫా మీంచే గింజలు విసిరాడు. పన్నెండో రోజు ఒక కాలు కిందికి జారవిడిచాడు, నేను చూడనట్టే ఉన్నాను. ఇప్పుడు గేటుకి ఇవతల మఠం వేసుకుని కూర్చుంటాడు, అది అవతల ఆనుకుని పడుకుంటుంది. వాడి మోకాలు కమ్మీలకి తగులుతూ ఉంటుంది. సాయంత్రాలు మాత్రం ఇంకా గేటు తీయడం లేదు, వారంలో ఒకటి రెండు రోజులు పాత వేషాలు వేస్తుంది.

నిన్న వాడికి గేటు దగ్గర బియ్యపుగింజంత పన్ను దొరికింది. అగ్గిపెట్టెలో దాచుకున్నాడు. చుక్క నమిలే బొమ్మ మీద కాస్త రక్తం కనిపించింది. అది మామూలేనా?

కవలల నాన్న:

మామూలే, ముందు పళ్ళు ఊడుతున్నాయి. చాలా పళ్ళు అవే మింగేస్తాయి, మీవాడికి దొరకడం అదృష్టం. పాత గుడ్డని తడిపి ముడేసి ఫ్రీజర్లో గంటసేపు ఉంచి ఇవ్వండి, చిగుళ్ళకి హాయిగా ఉంటుంది. మీరు పక్కనే ఉండి, పోగులు ఊడుతుంటే తీసేయండి. రాబోయే నెలన్నర కొరకడం మళ్ళీ కాస్త పెరగొచ్చు, గేటు అప్పుడే తీయకండి.