వేసవిలో పొద్దుటిపూట రాగి అంబలి సరిపోతుందా?

ప్రశ్న: చిత్తూరులో మా ఇంట్లో రోజూ ఇడ్లీ, దోసెలే అవుతున్నందున, ఈ వేసవిలో ఉదయం అంబలికి మారాలనుకుంటున్నాము. పులియబెట్టే పద్ధతి దయచేసి తెలుపగలరు.

జవాబు: రాత్రి రాగిపిండిని ఉండలు కట్టకుండా చన్నీళ్లలో కలిపి, మరిగే నీటిలో పోస్తూ, పచ్చివాసన పోయి చిక్కబడేవరకు ఉడికించి, చల్లారాక మట్టికుండలో ఉంచితే తెల్లవారేసరికి పులుపెక్కుతుంది. అప్పుడు మజ్జిగ, ఉప్పు కలిపి, చిన్న ఉల్లిపాయలు, ఊరమిరపకాయలు నంజుకోండి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది చాలా తక్కువ.

మరో జవాబు: తిరుపతిలో మేమూ అంబలే తాగుతాము గానీ, పదకొండింటికే ఆకలేస్తుంది. బడికి వెళ్లే పిల్లలకు మాత్రం సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి (వేరుశనగ పచ్చడి) పెట్టండి.

ఇంకొక జవాబు: ఆ ఊరుబిండిని మిక్సీలో మెత్తగా తిప్పకండి అన్నగారూ, రోట్లో పలుకుగా నూరితేనే రుచి.